చెల్లో నేర్చుకోవాలనుకునే అనంతపురం వాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో ఉంటా, చెల్లో వాయిస్తా, పిల్లలకి నేర్పిస్తా. పెట్టె వీపుకి తగిలించుకుని టవర్ క్లాక్ దగ్గర ఆటో కోసం నిలబడితే "ఏముందమ్మా అందులో" అని ఎవరో ఒకరు అడగని రోజు లేదు. వాట్సాప్‌లో అయితే ఒకే సందేహం నెలకి నాలుగైదు సార్లు వస్తుంది, ప్రతిసారీ హడావుడిగా రెండు ముక్కలు చెప్పి వదిలేయడం నాకు బాధగా ఉంటోంది, ఎందుకంటే అడిగేవాళ్ళు నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం యాడుంటే అక్కడికి పోండి.

## మొదలుపెట్టక ముందు

అక్కా, చెల్లో అంటే పెద్ద వయొలినే కదా?

ఆ ఇంటి బిడ్డే, కానీ వాయించే తీరు వేరు, గొంతు వేరు. కుర్చీలో కూర్చుని రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, అడుగున ఉండే ఇనుప ముల్లు నేలకి ఆనించి వాయిస్తాం. పెద్దవాళ్ళ సైజులో బొక్కెన, అంటే ఆ చెక్క పెట్టె భాగం, సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుంది. తీగలు నాలుగు, లావు దాని నుంచి సన్నదానికి సి, జి, డి, ఎ. ఒక తీగ నుంచి పక్క తీగకి మన లెక్కలో 'స' నుంచి 'ప' అంత దూరం. మన కర్ణాటక వయొలిన్‌ని స-ప-స-ప అని శ్రుతి చేస్తాం కాబట్టి నడిమి రెండు తీగల మధ్య దూరం తగ్గుతుంది, చెల్లోలో అట్ల కాదు, మూడు చోట్లా అదే పంచమం దూరం. గొంతు గురించి చెప్పాలంటే మగవాళ్ళ మంద్రస్థాయి దగ్గర మొదలై ఆడవాళ్ళ గొంతు దాటి పైకి పోతుంది, మనిషి పాడినట్టుందని అందరూ అనేది అందుకే.

మా పాపకి ఆరేళ్ళు, ఇప్పుడే చేర్పించొచ్చా? నాకు నలభై రెండు, నేను నేర్చుకోవచ్చా?

ఇద్దరూ చేరండి. పిల్లలకి చిన్న సైజులుంటాయి, ఆరేళ్ళ పాపకి మామూలుగా పావు సైజు సరిపోతుంది, ఎనిమిది తొమ్మిదికి సగం సైజు, తర్వాత ముప్పావు, పన్నెండు పదమూడు దాటాక పూర్తి సైజు. అయితే వయసు చూసి కాదు, చెయ్యి చూసి కొనాలి. పేరుమోసిన చెల్లో వాయిద్యకారుడు యో యో మా నాలుగేళ్ళకే మొదలుపెట్టాడు. అంతకు ముందు తరం పెద్ద వాయిద్యకారుడు పాబ్లో కాసల్స్ అసలు చెల్లోని మొదటిసారి విన్నదే పదకొండేళ్ళకి. కాబట్టి ఒకటే ముహూర్తం అంటూ లేదు. నలభైల్లో మొదలుపెట్టేవాళ్ళకి ఒక్కటే నిజం చెప్పాలి, ఆర్కెస్ట్రా ఉద్యోగం ఆశ పెట్టుకోవద్దు, మిగతా ఆనందమంతా మీదే. నా దగ్గర పెద్దవాళ్ళే పిల్లల కంటే శ్రద్ధగా చేస్తారు, వాళ్ళకి ఎవరూ బలవంతం చేయలేదు కదా.

నాకు కర్ణాటక సంగీతం వచ్చు, అది ఉపయోగపడుతుందా అడ్డమా?

చాలా ఉపయోగం. సరళీ వరసలు, జంట వరసలు పాడుకున్న పిల్లకి స్వరం తప్పితే చెవే చెప్తుంది, ఆ చెవి తయారు కావడానికి మామూలుగా రెండు మూడేళ్ళు పడుతుంది. ఇబ్బంది ఒక్కచోటే, మనకి గమకం అలవాటు, పాశ్చాత్య సంగీతంలో చాలాచోట్ల స్వరాన్ని కదపకుండా నిటారుగా నిలపాలి, అది మొదట్లో బోసిగా అనిపిస్తుంది. నాకూ అట్లనే అనిపించింది. మన ఆడంబరం లేకుండా ఒక్క స్వరాన్ని కమాను, అంటే తీగల మీద లాగే కర్ర, ఈ చివర నుంచి ఆ చివరకి మోయడం ఎంత కష్టమో తెలిసినాక ఆ మాట అనడం మానేశా.

అమ్మాయిలు కాళ్ళ మధ్య పెట్టుకుని వాయించడం బాగుండదని మా అత్త అంటోంది, ఏం చెప్పాలి?

ఈ మాట మన ఊళ్ళోనే పుట్టలేదు. యూరప్‌లోనూ ఒకప్పుడు ఆడవాళ్ళు రెండు కాళ్ళూ ఒక పక్కకి పెట్టి, ఒళ్ళు మెలిపెట్టుకుని వాయించేవాళ్ళు. ఆ అడ్డు దాటినవాళ్ళలో పోర్చుగల్ ఆమె గిల్హెర్మినా సుజ్జియా ఒకరు, 1885లో పుట్టింది, కచేరీలు చేసి పెద్ద పేరు తెచ్చుకుంది. ఇంగ్లాండ్‌లో బియాట్రిస్ హారిసన్ అని ఇంకొకామె, 1924 మే నెలలో తన తోటలో రాత్రిపూట చెల్లో వాయిస్తుంటే నైటింగేల్ పిట్టలు పాడటం బీబీసీ రేడియో నేరుగా వినిపించింది. మీ అత్తకి ఇవన్నీ చెప్పినా చెప్పకపోయినా ఒక పని చేయండి, పాపకి వదులు చుడీదార్ వేసి ఒకసారి ఆమె ముందర కూర్చోబెట్టి వాయించమనండి. నా శిష్యురాలి ఇంట్లో ఆ మాట అంతటితో ఆగిపోయింది.

## వాయిద్యం కొనేటప్పుడు

ఎంతవుతుంది? ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా?

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పనికొచ్చేది, కమాను, సంచీతో కలిపి నేను చూసినంతలో 30 వేలకి అటూ ఇటూ మొదలవుతుంది, ధరలు మారుతుంటాయి కాబట్టి కొనేముందు నాలుగుచోట్ల అడగండి. ఇందులో ముఖ్యంగా చూడాల్సింది పేరు కాదు. పై పలక నిజమైన స్ప్రూస్ చెక్కా, వెనక మేపులా, లేకపోతే ప్లైవుడ్డా? వీణకి పనస కర్ర ఎంత ముఖ్యమో దీనికి ఇవి అంత ముఖ్యం. తర్వాత తీగలు చుట్టి బిగించే బిరడాలు సాఫీగా తిరుగుతున్నాయా, తీగలు పలక మీద నుంచి మరీ ఎత్తులో ఉన్నాయా చూడండి, ఎత్తుగా ఉంటే పిల్ల వేళ్ళు కోసుకుపోతాయి.

ఆన్‌లైన్ గురించి నా అనుభవం చెప్తా. నా మొదటి శిష్యుడికి ఒక దుకాణం నుంచి తెప్పించినాం, పెట్టె తెరిస్తే గుర్రం, అంటే పలక మీద తీగల్ని ఎత్తి పట్టే చిన్న చెక్క, విడిగా కాగితంలో చుట్టి ఉంది, మెడ కొంచెం వంకర, దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకోము అని చెప్పారు. బెంగళూరులో బాగుచేయించడానికి కొన్న ధరలో సగం అయింది. ఆ పిల్లాడు రెండు నెలలు ఖాళీగా కూర్చున్నాడు, నాకు ఇప్పటికీ ఆ విషయం మనసులో ఉంది. వీలైతే వాయించేవాళ్ళని వెంటబెట్టుకుని బెంగళూరుకో చెన్నైకో పోయి చూసి కొనండి.

అద్దెకి దొరుకుతుందా?

మన ఊళ్ళో దొరకదు. బెంగళూరులో నేర్పేచోట కొందరు ఇస్తారు. పిల్లలకి సైజు మారుతూ ఉంటుంది కాబట్టి పాతది కొనుక్కుని, పెరిగాక ఇంకో పిల్లకి అమ్మేయడం మేలు, మా దగ్గర ఒక సగం సైజు చెల్లో ఇప్పటికి నాలుగిళ్ళు తిరిగింది.

కమానుకి గుర్రం తోక వెంట్రుకలంట కదా, దేవుడి గదిలో పెట్టొచ్చా? ఆయుధపూజ చేయొచ్చా?

కమానుకి గుర్రపు తోక వెంట్రుకలే, మన వయొలిన్‌కీ అవే. ఒకప్పుడు తీగలు గొర్రె పేగుతో చేసేవాళ్ళు, ఇప్పుడు మామూలుగా వాడేవి ఉక్కు తీగలు. దేవుడి గది విషయం మీ ఇంటి పద్ధతి, నేనైతే దసరాకి తప్పకుండా పూజ చేస్తా. ఒక్కటే వేడుకుంటున్నా, పసుపు కుంకుమ పెట్టె మీద పెట్టండి, చెల్లో మీద వద్దు. ఆ వార్నిష్ మెత్తగా ఉంటుంది, తడి పసుపు ఇంకిందంటే పోదు. కొబ్బరికాయ నీళ్ళు దూరంగా కొట్టండి. రోజిన్, అంటే పట్టు కోసం రాసే బంక ముద్ద, కూడా కమాను వెంట్రుకలకే రాయాలి, వాయించాక తీగల మీద, పలక మీద పడిన తెల్లపొడి పొడిగుడ్డతో తుడవాలి.

మన ఎండలకి పగిలిపోతుందంట, నిజమేనా?

నిజం, ఈ ఊళ్ళో చెల్లోకి పెద్ద శత్రువు ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తా. చెక్క గాలిలో తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. 40 నుంచి 60 శాతం తేమ ఉంటే దానికి సుఖం. ఉగాది దాటినాక అనంతపురంలో మధ్యాహ్నం గాలి ఎట్లుంటుందో మీకు తెలుసు, పెదాలు పగిలే గాలి. చెక్క కుంచించుకుపోతుంది, అతుకులు విచ్చుకుంటాయి, బిరడాలు జారిపోయి తీగలన్నీ వదులైపోతాయి, వదులైతే గుర్రం పడిపోతుంది, గుర్రం పడితే లోపల నిలబెట్టిన చిన్న కర్ర కూడా పడుతుంది. ఆ కర్రకి జిగురుండదు, తీగల ఒత్తిడితోనే నిలబడి ఉంటుంది, ఇటాలియన్ వాళ్ళు దాన్ని ఆత్మ అని పిలుస్తారు.

ఒక ఏప్రిల్‌లో ధర్మవరంలో పెళ్ళికి పోయి చెల్లోని కార్లో వదిలి భోజనానికి కూర్చున్నా, గంటన్నర అయ్యుంటుంది. వచ్చి తెరిస్తే పై పలకకీ పక్క చెక్కకీ మధ్య జానెడు అతుకు ఊడిపోయి ఉంది. ఆ తప్పు పూర్తిగా నాదే. అక్కడున్న ఒకాయన మంచి మనసుతోనే ఫెవికాల్ తెస్తానన్నాడు, చేతులు జోడించి వద్దన్నా. మీరూ వద్దనండి. చెల్లోని జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో అతికిస్తారు, అది వేడికీ తడికీ వదులుతుంది, అట్ల వదలడమే మంచిది, పలక పగలకుండా అతుకు ఊడుతుంది, మళ్ళీ అతికించొచ్చు. ఫెవికాల్ వేస్తే తర్వాత విప్పాలన్నప్పుడు చెక్కే చీలిపోతుంది.

చేయాల్సింది: తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి పెట్టెలో పెట్టండి, బాగా పిండిన స్పాంజ్ ముక్కని చిల్లుల సబ్బుడబ్బాలో వేసి చెల్లోకి తగలకుండా పెట్టెలోనే ఉంచండి, ఏసీ గాలికి ఎదురుగా, కిటికీ పక్కన పెట్టొద్దు. తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పొద్దు, ఒకటి విప్పి ఒకటి వెయ్యండి.

## నేర్చుకునేటప్పుడు

అనంతపురంలో ఉండి గురువుని యాడ వెతుక్కోవాలి?

మనకి బెంగళూరు 210 కిలోమీటర్ల పైచిలుకు, అది మన అదృష్టం. కర్నూలు, కడప వాళ్ళకి ఇంకా దూరం. నేను ఏడేళ్ళు ఆదివారం పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి గంట పాఠం చెప్పించుకుని రాత్రికి వచ్చేదాన్ని. జనరల్ పెట్టెలో చెల్లోని నిలబెట్టి దాని పక్కన నేను నిలబడి పోయిన రోజులున్నాయి, హిందూపురంలో ఎక్కేవాళ్ళు జరుగుతూ చోటిచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆన్‌లైన్ పాఠాలున్నాయి, సగం పని అవుతుంది. కానీ మొదటి ఆరునెలలు మాత్రం గురువు ఎదురుగా ఉండాలి, కమాను పట్టుకున్న బొటనవేలు బిగుసుకుందా లేదా అనేది ఫోన్‌లో కనిపించదు, ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని కదిపితేనే తెలుస్తుంది. నెలకి రెండుసార్లు ఎదురుగా, మిగతావి ఫోన్లో అనుకుంటే మన ఊరి నుంచి చేయదగ్గదే.

రోజుకి ఎంతసేపు సాధన చెయ్యాలి?

చిన్నపిల్లలకి 20 నిమిషాలు, రోజూ. పదో తరగతి పిల్లలకి గంట. వృత్తిగా అనుకునేవాళ్ళకి నాలుగైదు గంటలు, అది కూడా ముక్కలుగా, ప్రతి 45 నిమిషాలకీ లేచి నడవాలి. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు చేసి మిగతా ఆరు రోజులు పెట్టె తెరవని పిల్లల్ని చూశా, వాళ్ళు ఏడాదైనా అక్కడే ఉంటారు.

ఎన్నాళ్ళకి ఒక పాట వస్తుంది?

చిన్న పాట మూడు నెలలకి వస్తుంది. వినేవాళ్ళు లేచిపోకుండా వినేటట్టు రావడానికి రెండేళ్ళు. మొదటి నెలంతా ఖాళీ తీగల మీద కమాను నడపడమే ఉంటుంది, ఇంట్లోవాళ్ళు ఓర్చుకోవాలి. "ఫీజు కట్టి నెలైంది, ఇంకా గీకుతానే ఉంది" అని ఫోన్ చేస్తారు, చాలామంది చేస్తారు, ఆ నెల తీసేస్తే తర్వాత పదేళ్ళు శబ్దం బాగుండదు.

గిటార్‌కున్నట్టు మెట్లు లేవు కదా, స్వరం యాడుందో చేతికి ఎట్ల తెలుస్తుంది?

మొదట్లో సన్నటి టేపు ముక్కలు అంటిస్తాం, ఏడాదిలోపు తీసేస్తాం. అసలు దారి చెవే. ముందు స్వరం పాడాలి, తర్వాత వేలు పెట్టాలి, తప్పితే జరిపి సరిచేసుకోవాలి, ఇట్ల కొన్ని వేలసార్లు. కింది స్థాయిలో స్వరాలు దూరం దూరంగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. బాగా పైకి పోయాక బొటనవేలు కూడా తీగ మీదికి అడ్డంగా వస్తుంది, అది మొదట్లో నొప్పి, పొక్కుతుంది, కాయ కాస్తుంది, తర్వాత మామూలే.

ఒక్క స్వరం దగ్గర మాత్రం చెల్లో గుర్రుమంటోంది, పాడైపోయిందా?

పాడవలేదు. దాన్ని తోడేలు స్వరం అంటారు, మామూలుగా ఇ, ఎఫ్ అనే స్వరాల చుట్టుపక్కల వస్తుంది. బొక్కెనకి దాని సొంత కంపనం ఒకటుంటుంది, తీగ అదే కంపనం దగ్గరికి వచ్చినప్పుడు రెండూ కొట్లాడుకుంటాయి. గుర్రానికి అవతల వైపు, తీగ మీద చిన్న ఇత్తడి గొట్టం బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. ఆ స్వరం దగ్గర మోకాలితో బొక్కెనని కొంచెం నొక్కినా తగ్గుతుంది. మంచి ఖరీదైన చెల్లోలకీ ఇది ఉంటుంది.

చెల్లో వాళ్ళందరూ బాహ్, బాహ్ అంటారు, ఏముంది అందులో?

జర్మనీ సంగీతకర్త బాహ్ 1720 ప్రాంతంలో ఒంటరి చెల్లో కోసం ఆరు సూట్లు రాశాడు. పక్కవాద్యం లేదు, పియానో లేదు, ఒక్క మనిషి, ఒక్క చెల్లో. ఒక్కో సూట్‌లో ఆరు భాగాలు, ముందు ఒక ప్రెలూడ్, అంటే ఆరంభ భాగం, తర్వాత నాట్యగతులు. ఆయన చేత్తో రాసిన ప్రతి దొరకలేదు, ఆయన భార్య అన్నా మాగ్దలేనా రాసుకున్న నకలు మీదే ఎక్కువమంది ఆధారపడ్డారు. కమాను ఎట్ల నడపాలో ఆ నకలులో స్పష్టంగా లేదు, అందుకే ఇద్దరు ఒకే రకంగా వాయించరు.

చాలాకాలం వీటిని సాధన పాఠాల మాదిరే చూశారు. స్పెయిన్‌లో కాటలోనియా ప్రాంతం పిల్లాడు పాబ్లో కాసల్స్, పదమూడేళ్ళ వయసులో, 1890లో, బార్సిలోనాలో పాత సంగీత పుస్తకాల కొట్టులో ఇవి చూశాడు. పన్నెండేళ్ళు ఇంట్లో సాధన చేసినాక గానీ జనం ముందర వాయించలేదు. 1936 నుంచి 1939 దాకా ఆరూ రికార్డు చేశాడు, లోకానికి వీటి విలువ తెలిసింది ఆ రికార్డుల తర్వాతే. ఇంకో మాట, కాసల్స్ చిన్నప్పుడు వాయించిన మొదటి చెల్లో లాంటి వాయిద్యం ఎండిన సొరకాయతో చేసిందంట. మన తంబూర బుర్రకి వాడేదీ అదే కదా, అది చదివిన రోజు నాకు ఆయన మా పక్కింటి మనిషి అనిపించాడు.

1989 నవంబర్‌లో బెర్లిన్ గోడ తెరుచుకున్న రెండు రోజులకి రష్యా చెల్లో వాయిద్యకారుడు రోస్ట్రొపోవిచ్ అక్కడికి పోయి, ఎవరినో కుర్చీ అడిగి తీసుకుని, గోడ పక్కన కూర్చుని వాయించింది కూడా బాహే. ఆయన్ని అంతకు ముందు సోవియట్ ప్రభుత్వం పౌరసత్వం తీసేసి బయటే ఉంచింది.

మొదలుపెట్టేవాళ్ళు మొదటి సూట్ ప్రెలూడ్ నుంచి మొదలుపెట్టండి, అది చాలావరకు మన శంకరాభరణం స్వరాల్లోనే నడుస్తుంది, చెవికి కొత్తగా ఉండదు. ఐదోదానికి సన్న తీగని ఎ నుంచి జి కి దించి శ్రుతి చేయాలి, ఆరోది ఐదు తీగల వాయిద్యం కోసం రాసింది, ఆ రెండూ తొందరపడొద్దు.

## పరీక్షలు, చదువు

గ్రేడ్ పరీక్షలు రాయాల్సిందేనా?

తప్పనిసరి కాదు. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎమ్ అనే లండన్ పరీక్షా సంస్థలు రెండిటికీ మన దేశంలో పరీక్షలు జరుగుతాయి, ఇనిషియల్ నుంచి 8వ గ్రేడ్ దాకా, ఆపైన డిప్లొమాలు. ఏబీఆర్ఎస్ఎమ్‌లో 6వ గ్రేడ్‌కి పోవాలంటే ముందు 5వ గ్రేడ్ థియరీ, లేదా దానికి బదులు వాళ్ళు ఒప్పుకునే ఇంకో పరీక్ష పాసవ్వాలి, ఇది తెలియక ఆగిపోయిన పిల్లలున్నారు. పరీక్ష వల్ల ఒక లక్ష్యం ఉంటుంది, అంతవరకు మంచిదే. ఏడాదికి ఒక గ్రేడ్ లెక్కన మూడే పాటలు వాయించి పరుగెత్తించడం మాత్రం నాకు నచ్చదు. అట్ల 5వ గ్రేడ్ సర్టిఫికెట్ ఉన్న పిల్ల కొత్త నొటేషన్ ముందర పెడితే రెండు గీతలు చదవలేకపోయింది, తప్పు ఆ పిల్లది కాదు.

ఇంటర్ అయింది, మావాడు ఇంజినీరింగ్ వద్దు చెల్లోనే అంటున్నాడు. ఏం చేయమంటారు?

ఈ ప్రశ్న వచ్చిన రోజు నాకు నిద్ర పట్టదు. నా అభిప్రాయం సూటిగా చెప్తా. వాడు రోజూ మూడు గంటలు ఎవరూ చెప్పకుండా సాధన చేస్తున్నాడా, ఏడాదిగా చేస్తున్నాడా? అయితే ఆలోచించండి. లెక్కలు తప్పించుకోవడానికి అంటున్నాడా? అయితే వద్దు, ఇందులో లెక్కల కంటే కఠినమైన విసుగు ఉంటుంది. రెండూ చేయొచ్చనే దారీ ఉంది. యో యో మా అప్పటికే పేరున్న వాయిద్యకారుడై ఉండి కూడా హార్వర్డ్‌లో మానవశాస్త్రం చదివి 1976లో డిగ్రీ తీసుకున్నాడు. బెంగళూరులో కాలేజీ సీటు వస్తే చదువూ సంగీతమూ ఒకే ఊళ్ళో అవుతాయి, మన జిల్లా పిల్లలకి నేను ఎక్కువగా చెప్పే దారి అదే.

విదేశాల్లో సంగీత కళాశాలలో చేరాలంటే ఏం వాయించి చూపించాలి?

కళాశాలని బట్టి మారుతుంది, సాధారణంగా బాహ్ సూట్ నుంచి రెండు భాగాలు, ఒక ఎట్యూడ్, అంటే సాధన కోసం రాసిన రచన, ఎక్కువగా పాపర్ అనే ఆయన 40 ఎట్యూడ్లలోది, ఒక కాన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్కరు వాయించే రచన, అందులో ఒక భాగం అడుగుతారు. కాన్చెర్టోకి చాలామంది ఆస్ట్రియా సంగీతకర్త హైడన్ రాసిన సి మేజర్ కాన్చెర్టో తయారు చేసుకుంటారు. అది రెండు వందల ఏళ్ళు కనిపించకుండా పోయి 1961లో ప్రాగ్ మ్యూజియంలో దొరికింది, అంతకు ముందు తరాల చెల్లోవాళ్ళకి అది వాయించే భాగ్యమే లేదు. పదో తరగతి నుంచే తయారీ మొదలుపెట్టాలి, ఇంటర్ రెండో సంవత్సరంలో మొదలుపెడితే ఆలస్యం.

## బతుకుదెరువు

దీంట్లో ఉద్యోగం ఉంటుందా అక్కా? నెలకి ఎంతొస్తుంది?

ఒక్క జీతం మీద బతికే చెల్లోవాళ్ళు మన దేశంలో చాలా తక్కువ. వృత్తిగా నడిచే సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ముంబైలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, అందులోనూ చాలామంది విదేశాల నుంచి వచ్చి వాయిస్తారు. మిగిలిన మనమందరం నాలుగు చోట్ల నుంచి కూడబెట్టుకుంటాం, పాఠాలు, రికార్డింగులు, పెళ్ళిళ్ళలో హోటల్ ఫంక్షన్లలో నలుగురి బృందంగా వాయించడం, స్కూల్లో సంగీతం టీచర్ పని. నాకు పాఠాలే అన్నం పెడతాయి. మే నెలలో పిల్లలు ఊళ్ళకి పోతే రాబడి ఆగుతుంది, దానికి ముందే దాచుకోవాలి. తల్లిదండ్రులకి ఇది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

సినిమా పాటలకి వాయించే అవకాశాలు ఎట్ల వస్తాయి?

చెన్నైలో, హైదరాబాద్‌లో ఉండాలి, అనంతపురంలో ఉంటే పిలుపు రాదు. మనిషిని మనిషి చెప్తేనే పిలుస్తారు. అక్కడ కావాల్సింది గొప్ప సోలో కాదు, చూసిన వెంటనే నొటేషన్ వాయించడం, చెవిలో తాళం చెప్పే క్లిక్ మోగుతుంటే గీత తప్పకుండా పోవడం, పక్కవాళ్ళతో కమాను కలపడం. పావుగంటలో కాగితం తీసుకుని, వాయించి, లేచిపోవాలి. ఒకప్పుడు పాట పాటకీ పెద్ద తీగల బృందం కూర్చునేది, ఇప్పుడు చాలా పని కంప్యూటర్ శాంపిళ్ళతో అయిపోతోంది, పెద్ద పనులు కొన్ని బుడాపెస్ట్ లాంటి ఊళ్ళ ఆర్కెస్ట్రాలకి పోతున్నాయి. అవకాశాలు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

ఆడిషన్‌లో తెర అడ్డం పెడతారంట, ఎందుకు?

వాయించేది ఆడా మగా, ఏ రంగు, ఎవరి శిష్యులు అనేది తెలియకుండా వినడానికి. చాలా ఆర్కెస్ట్రాల్లో కనీసం మొదటి విడత అట్లనే. హైడన్ కాన్చెర్టో ముక్క, తర్వాత ఆర్కెస్ట్రా రచనల నుంచి కష్టమైన చోట్లు వాయించమంటారు, బీథోవెన్ ఐదో సింఫనీ రెండో భాగం చెల్లోవాళ్ళని తరచుగా అడిగేదే. తెర వెనక గొంతు వినపడకూడదు కాబట్టి మాట్లాడనివ్వరు.

భుజం, నడుము నొప్పి వస్తోంది, ఓర్చుకుని వాయించాలా?

ఓర్చుకోవద్దు. వేళ్ళ చివర కాయలు కాస్తే పర్వాలేదు, కీలు నొప్పి, తిమ్మిరి, చెయ్యి బలహీనం వస్తే ఆపి డాక్టర్‌కి చూపించండి. ఎక్కువసార్లు కుర్చీ ఎత్తు తప్పుంటుంది, తుంటి మోకాలి కంటే కొంచెం ఎత్తులో ఉండాలి, మన ప్లాస్టిక్ కుర్చీలు వెనక్కి వాలి ఉంటాయి, అవి పనికిరావు, చెక్క బల్ల నయం.

ఇంగ్లాండ్ చెల్లో వాయిద్యకారిణి జాక్లిన్ డు ప్రే సంగతి ఇందుకే చెప్తుంటా. 1945లో పుట్టింది, ఇరవై ఏళ్ళకి ఎల్గార్ అనే ఇంగ్లాండ్ సంగీతకర్త చెల్లో కాన్చెర్టో రికార్డు చేసింది, ఇప్పటికీ ఆ రచన అంటే జనం ముందు ఆమె పేరే చెప్తారు. తర్వాత వేళ్ళకి స్పర్శ తగ్గడం మొదలైంది. 1973లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అని తేలింది, 28 ఏళ్ళకే చెల్లో ఆగిపోయింది, 42 ఏళ్ళకి చనిపోయింది. ఆ జబ్బు వాయించడం వల్ల వచ్చేది కాదు. కానీ వేలికి స్పర్శ తగ్గుతుంటే అలసటలే అనుకుని నెట్టుకుపోకండి.

బస్సులో, రైల్లో, విమానంలో ఎట్ల తీసుకుపోతారు?

చెల్లో తేలికే, మూడు కిలోల చుట్టూ ఉంటుంది, గట్టి పెట్టెతో కలిసి బరువవుతుంది. బస్సు డిక్కీలో వెయ్యొద్దు, ఎంత బతిమాలినా వెయ్యొద్దు. రైల్లో పైబెర్తు బుక్ చేసి దాన్ని పడుకోబెట్టి నేను కింద కూర్చుంటా. విమానంలో దానికి సీటు కొనాలి, కిటికీ పక్క సీటు ఇస్తారు. టాక్సీ దిగేటప్పుడు వెనక చూసుకోండి, యో యో మా అంతటివాడు 1999లో న్యూయార్క్‌లో 1733 నాటి చెల్లోని టాక్సీ డిక్కీలో మర్చిపోయాడు, అదే రోజు దొరికింది.

## మన సంగీతం, మన ఊరు

చెల్లో మీద కీర్తనలు వాయించొచ్చా?

వాయించొచ్చు, కమాను వాయిద్యం కాబట్టి గమకం బాగా పలుకుతుంది. వయొలినే ఒకప్పుడు బయట నుంచి వచ్చింది కదా, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. అన్నగారు పాశ్చాత్య బాణీలకి సంస్కృతంలో సాహిత్యం కట్టాడు, వాటినే నొట్టుస్వరాలు అంటాం, అన్నీ శంకరాభరణంలోనే. మన పిల్లలకి చెల్లో మీద నేను మొదట చెప్పే మనవాళ్ళ రచనలు అవే, రెండు వైపులా వంతెన మాదిరి ఉంటాయి. హిందుస్థానీ వైపు డచ్ దేశస్థురాలు సాస్కియా రావు ద హాస్ ఢిల్లీలో ఉండి కింద కూర్చుని వాయించేటట్టు, ఒక అదనపు తీగ, కింద మోగే తరఫ్ తీగలు పెట్టి భారతీయ చెల్లో తయారు చేయించుకుంది. ఒక్క కష్టం, లావు తీగల మీద వేగంగా గమకం వేస్తే మసకబారుతుంది, విలంబంలో ఉన్నవి ఎంచుకోండి, అన్నమయ్య కీర్తనల్లో నిదానంగా నడిచేవి దీనికి చాలా బాగా కుదురుతాయి.

మన ఊళ్ళో ఎవరు వింటారక్కా ఇది?

వింటారు. నవరాత్రులకి మా కాలనీ గుడి మండపంలో వాయించమన్నారు ఒక ఏడాది. రెండో పాట మధ్యలో కరెంటు పోయింది, మైకు ఆగింది. చెల్లోకి మైకు లేకపోయినా ఒక హాలు నిండుతుంది, నేను ఆపలేదు, వెనక కూర్చున్నవాళ్ళు లేచి చాపలు ముందుకి లాక్కుని కూర్చున్నారు. అయిపోయాక పక్క పల్లె నుంచి వచ్చిన చెక్కభజన గురువుగారు దగ్గరికొచ్చి, ఆ లావు తీగ ఇంకోసారి లాగమన్నాడు. లాగితే, "ఇది తంబూరమ్మా, దీని మీద తత్వం పాడొచ్చు" అన్నాడు. చీకట్లోనే పాడాడు, నేను స, ప పట్టుకున్నా.

అప్పటి నుంచి ప్రతి నవరాత్రికి ఒక తత్వం ఇద్దరం కలిసి చేస్తున్నాం. మొదట్లో ఆయన శ్రుతి ఒకటిన్నర, నాకు ఖాళీ తీగలు పనికొచ్చేవి కావు, వేలు నొక్కిపెట్టి పట్టుకోవాల్సి వచ్చేది, చెయ్యి లాగేది. ఇప్పుడు వయసు మీదపడి గొంతు దిగింది, పోయినేడు ఒకటి శ్రుతికి వచ్చాడు. ఒకటి అంటే సి, నా లావు తీగ అదే, పక్కది పంచమం. వేలు పెట్టే పని లేదు, కమాను నిదానంగా లాగుతుంటే రెండు తీగలూ కలిసి మోగుతాయి, ఆయన పాడతాడు.